మా పేట బట్టల రంగు

మా పేట పిల్లను గుర్తుపట్టడానికి పేరు అడగక్కర్లేదు, బట్టలు చూస్తే చాలు. ఊళ్లో పిల్లల తెల్లబట్టలు తెల్లగా ఉంటాయి. మావి పలచటి టీ రంగులో ఉంటాయి. కొత్తవి కుట్టించిన మొదట్లో తెల్లగానే ఉండి, కాలరు దగ్గరా కుట్ల వెంటా మొదలై, బడి సంవత్సరం సగం గడిచేసరికి ఆ రంగు బట్టంతా పాకిపోతుంది. ఆ బట్టలతోనే నేను పదో తరగతి దాకా చదివాను. ఇప్పుడు అదే బడిలో సైన్సు చెబుతున్నాను, అదే పేటలో ఉంటున్నాను. ఈ రంగు చూసి నా ముందు ఎవరైనా మూతి విరిస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కాబట్టి ఇదేదో శాంతమూర్తి రాసుకున్న జ్ఞాపకం అనుకోవద్దు.

ఊరికీ పేటకీ మధ్య పంట కాలువ ఉంది. ఊళ్లో కుళాయిలకు ఫిల్టర్ చేసిన కాలువ నీళ్లు వస్తాయి. ఆ పైపు అవతలి గట్టు దాకా వచ్చి ఆగిపోయింది. ఎందుకు ఆగిందని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో కారణం చెబుతారు. నేను అన్నీ విన్నాను, ఒక్కటీ నమ్మలేదు. ఇవతల మాకున్నది బోరు. బోరు నీళ్లు కొట్టగానే అద్దంలా ఉంటాయి. కొత్తగా వచ్చిన చుట్టమెవరైనా గ్లాసు ఎత్తి చూసి, ఇంత మంచి నీళ్లు పెట్టుకుని మీకీ గోలేంటని అడుగుతాడు. మేం వాదించం. ఆ గ్లాసు అలాగే కిటికీలో పెడతాం. ఆయన భోంచేసి, చెయ్యి కడుక్కుని, ఓ కునుకు తీసి లేచేసరికి ఆ నీళ్లు పసుపెక్కి, అడుగున ఎర్రటి మడ్డి పేరుకుని ఉంటుంది. ఆయన ముఖం చూడటం మా పేటలో ఖర్చు లేని వినోదం.

తాగడానికీ వండటానికీ నీళ్లను తేర్చుకోవాలి. ఒక బిందెలోంచి ఇంకో బిందెలోకి ఎత్తునుంచి అటూ ఇటూ పోసి, వెడల్పు మూతి గంగాళంలో రాత్రంతా వదిలేసి, పొద్దున్నే పాతపంచె నాలుగు మడతలు వేసి వడగడతారు. మా పేటలో ఏ ఇంటి దండెం మీద చూసినా ఒక ఎర్రటి గుడ్డ ఆరుతూ ఉంటుంది. అది వడపోత గుడ్డ. చుట్టాలొస్తే ముందు దాన్ని తీసి లోపల దాస్తారు.

తాగే నీళ్లకైతే ఇంత ఓపిక పడతాంగానీ, ఇంటిల్లిపాది బట్టలకీ ఎక్కడ పడతాం? మా అమ్మ వాడని సబ్బు లేదు. నీలిమందు వేసింది. నిమ్మకాయ రుద్దితే కాస్త పోయేది, కానీ వారం వారం అన్ని నిమ్మకాయలు ఎవరు తెస్తారు? ఒకసారి బ్లీచింగ్ పౌడరు తెచ్చి నానబెట్టింది. బట్టలు ఇంకా ఎర్రబడ్డాయి. కల్తీ పౌడరు అంటగట్టాడని కొట్టువాడితో పోట్లాడి వచ్చింది. పాపం, ఆ కొట్టువాడి తప్పేం లేదని నాకు చాలా ఏళ్ల తరవాత తెలిసింది.

ఇక తెల్లచీరలు. మాది లూథరన్ చర్చి. రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు సంస్కారపు ఆదివారం ఆడవాళ్లందరూ తెల్లచీర కట్టాలి. రోజూ బట్టలన్నిటికీ కాలువ దాకా వెళ్లే తీరిక ఎవరికీ ఉండదుగానీ, ఆ చీరను మాత్రం ఎవరూ బోరు నీళ్లలో ముంచరు. కాలువకు పట్టుకెళ్లి ఉతికి, గట్టు మీదే ఆరేసి, మడతపెట్టి పెట్టెలో దాస్తారు. ఎండాకాలం కాలువలు కట్టేస్తే చీర అసలు ఉతకరు. చెమట వాసనకు సాంబ్రాణి పొగ పట్టించి కడతారు. వాసన వచ్చినా ఫర్వాలేదుగానీ రంగు మాత్రం కనపడకూడదు. మా ఆడవాళ్ల పరువంతా ఆ ఒక్క చీరలో ఉండేది.

బడిలో ఏటా క్లాసు ఫొటో తీసేవారు. పేట పిల్లలంతా వెనక వరసకు వెళ్లండి అనేవారు. అంతే, పొడుగూ పొట్టీ చూసేది లేదు. నేను క్లాసులో అందరికంటే పొట్టి. పదో తరగతి ఫొటోలో నా నుదురూ పాపిడీ తప్ప ఇంకేమీ కనిపించవు. దాన్ని నేను పారేయలేదు. కోపం చల్లారుతోందనిపించినప్పుడు తీసి చూసుకుంటాను.

డిగ్రీకి రాజమండ్రి వెళ్లి హాస్టల్లో చేరాను. అక్కడి కుళాయి నీళ్లలో నా బట్టలు తెల్లగా ఉన్నాయి, ఎన్నిసార్లు ఉతికినా తెల్లగానే ఉన్నాయి. సంతోషపడాల్సింది పోయి నాకు కోపం వచ్చింది. అంటే ఇన్నాళ్లూ తప్పు మా ఉతుకుడిది కాదన్నమాట. మా అమ్మ చేతులు అరిగిపోయింది ఊరికేనే అన్నమాట.

ఆ కాలేజీ లైబ్రరీలోనే ఒక మధ్యాహ్నం, భూమి పుట్టుక గురించిన పుస్తకం తిరగేస్తూ, మా గంగాళం గురించి చదివాను. పుస్తకం రాసినవాళ్లకు మా గంగాళం తెలియదు లెండి. వాళ్లు రాసింది సముద్రం గురించి. భూమి మీద మొదట్లో ఆక్సిజన్ లేదట. గాలిలో లేదు, నీళ్లలో లేదు. సముద్రం నిండా ఇనుము కరిగి ఉండేదట, పంచదార నీళ్లలో కరిగినట్టు, కంటికి కనపడకుండా. ఆ నీళ్లలో కంటికి ఆనని ఆకుపచ్చ జీవాలు పుట్టి, ఎండ తాగి తిండి వండుకోవడం నేర్చాయి. ఆ వంటలో మిగిలిపోయి బయటికి వదిలేసిందే ఆక్సిజన్. వదిలింది వదిలినట్టే ఇనుము పట్టేసుకునేది. పట్టుకుని తుప్పై, ఎర్రగా అడుక్కి దిగిపోయేది. పొర మీద పొర, పొర మీద పొర. అలా కోట్ల కోట్ల ఏళ్లు. ఆ చిన్న జీవాలు ఎంత ఊపిరి వదిలినా గాలికి ఒక్క చుక్క మిగల్లేదు. అంతా ఇనుము మింగేసింది. చివరికి ఇనుము ఆకలి తగ్గుముఖం పట్టాక, సుమారు రెండు వందల నలభై కోట్ల ఏళ్ల కిందట, గాలిలో ఆక్సిజన్ నిలవడం మొదలైంది. అప్పటిదాకా ఆక్సిజన్ లేకుండా హాయిగా బతికిన జీవాలకు అది విషమైంది. కొన్ని చచ్చాయి, కొన్ని బురదలోకి పారిపోయాయి. వాటి వారసులు ఇప్పటికీ మా వరిచేల అడుగు బురదలో ఉన్నాయి. కాలు దిగబడితే కుళ్లిన గుడ్డు వాసన కొట్టేది వాటి పుణ్యమే.

నేను పుస్తకం మూసి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. మా పేట అడుగున, గాలి తగలని చోట, నీళ్లలో ఇనుము ఇంకా అలాగే కరిగి ఉంది. అంటే మా వాళ్లు రోజూ పొద్దున్నే కొడుతున్నది ఆక్సిజన్ ఎరుగని ఆ పాతకాలపు నీళ్లలాంటి నీళ్లు. బిందెలో పోసి గాలి తగిలించగానే, సముద్రంలో జరిగిందే గంగాళంలో జరుగుతోంది. అమ్మ తెచ్చిన బ్లీచింగ్ పౌడరు చేసిందీ అదే పని, ఇంకా వేగంగా. మేం వడగట్టి పారబోసే ఎర్రమడ్డి లాంటిదే కొన్ని దేశాల్లో కొండలై నిలబడి ఉంది. దాన్ని తవ్వి రైలు పట్టాలు చేసుకుంటున్నారు. అదే రంగు మా చొక్కా మీదుంటే వెనక వరస.

ఆ రోజే టీచరు అవుతాననుకున్నాను. జ్ఞానం పంచాలనే గొప్ప ఉద్దేశమేమీ లేదు. ఒక లెక్క తేల్చుకోవాలి, అంతే.

కిందటేడు తొమ్మిదో తరగతిలో గాలి గురించి పాఠం వచ్చింది. పుస్తకంలో ఆక్సిజన్ ఎంత శాతమో ఉందిగానీ, అది ఎక్కణ్ణుంచి వచ్చిందో లేదు. నేను పుస్తకం పక్కన పెట్టి ఈ కథంతా చెప్పాను. పరీక్షకు రాని సంగతి కనక పిల్లలు శ్రద్ధగా విన్నారు. చివర్లో మా పేట అమ్మాయి ఒకతె లేచింది. తల్లి చేల్లో కూలికి వెళుతుంది, చర్చిలో పాట ఎత్తుకునేది ఆవిడే. పిల్ల మాత్రం క్లాసులో ఎప్పుడూ గోడవారనే కూర్చునేది.

"అయితే టీచర్, మా బోర్లో ఉన్నది ఆ ఇనుమేనాండి?" అంది.

అవునన్నాను. ఆ పిల్ల తన చున్నీ అంచు ఒకసారి చూసుకుని కూర్చుంది. మర్నాడు వచ్చి, సైన్సు ప్రదర్శనకు తాను ఇదే చూపిస్తానంది. బోరు నీళ్లు గాజుజాడీలో పోసి, అందరి ముందూ జాడీలోంచి జాడీలోకి మారుస్తూ, అవి ఎర్రబడుతుండగా ఆక్సిజన్ కథ చెబుతుంది. ఖర్చు లేని ప్రయోగం. బడిలో చేసి చూశాం. ఆమె మాట్లాడటం అయ్యేలోపే నీళ్లు పసుపెక్కాయి. వెనక బెంచీ వాళ్లు కూడా లేచి నిలబడి చూశారు.

మా హెడ్మాస్టారు చెడ్డవారు కాదు. చాలా మర్యాదస్తులు, మాటకు ముందు అండి, మాట వెనక అండి. ఆ పిల్ల ప్రదర్శనకు ఎంపికైందని తెలిసి నన్ను గదిలోకి పిలిచారు. రాజమండ్రిలో పెద్ద హాల్లో జరుగుతుంది, ఫొటోలు తీస్తారు, పేపర్లో పడుతుంది, బడి పరువు చూసుకోవాలి అంటూ చుట్టూ తిరిగి, చివరికి అసలు సంగతికి వచ్చారు.

"ఆ రోజు తెల్ల చుడీదారు కదండీ మేడం గారూ. మాట్లాడ్డానికి ఊళ్లో అమ్మాయిని ఎవరినైనా పెడదామండి. ఈ అమ్మాయి సీసాలు పట్టుకుని పక్కన నిలబడుతుంది."

"సీసాలు పట్టుకోడానికి బల్ల ఉంటుందండి" అన్నాను.

పోనీ ఆ ఒక్కరోజుకు ఎవరిదైనా తెల్ల చుడీదారు అడిగి తొడుగుదాం అన్నారు. అరువు బట్టలతో పంపేటట్టయితే నేను రాను, ప్రయోగం కూడా రాదు అన్నాను. నా గొంతు పెద్దదైంది. బయట వరండాలో పిల్లలు ఆగి విన్నారు. అందులో ఆ పిల్ల కూడా ఉందని బయటికి వచ్చాక చూశాను. ఆయన మాత్రం గొంతు పెంచలేదు. సరేనండి, మీ ఇష్టం, ఏదైనా తేడా వస్తే నన్ననొద్దు అన్నారు. ఆ మాట నేను గుర్తుపెట్టుకున్నాను. ఆయన కూడా గుర్తుపెట్టుకున్నారు.

నీళ్ల విషయంలో పిల్లకు పదిసార్లు చెప్పాను. పొద్దున్నే బోరు కొట్టి, క్యాను అంచు దాకా నింపి, గాలి దూరకుండా మూత బిగించాలి. ప్రదర్శన రోజు ఆటో పేట మొదట్లోకి వచ్చేసరికి తల్లీ కూతురూ సిద్ధంగా ఉన్నారు. తల్లి కూలి మానుకుని వచ్చింది. సంస్కారపు తెల్లచీర కట్టుకుంది. కాలువ నీళ్లలో ఉతికిన చీర, మల్లెపూవులా ఉంది. క్యానును దారంతా ఒళ్లోనే పెట్టుకుంది, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

హాల్లో సగం బల్లల మీద అగ్నిపర్వతాలే ఉన్నాయి. మా బల్ల మీద రెండు జాడీలు, వెనక గోడకు పిల్ల గీసిన సముద్రం బొమ్మ. న్యాయనిర్ణేతలు మా వైపు వస్తుండగా పిల్ల నీళ్లు జాడీలో పోసి, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మార్చడం మొదలుపెట్టింది. మార్చింది. మళ్లీ మార్చింది. నీళ్లు అద్దంలా ఉన్నాయి. పక్క బల్ల దగ్గర ఒక అగ్నిపర్వతం బుసబుస పొంగి చల్లారింది. మా నీళ్లలో మాత్రం ఏ మార్పూ లేదు. పిల్ల నా వైపు చూసింది. నేను క్యాను తీసి చూశాను. మూత బిగుతుగానే ఉంది.

అప్పుడు తల్లి నా పక్కకు వచ్చి, చాలా సంతోషంగా, రహస్యం చెబుతున్నట్టు చెప్పింది.

"రాత్రే తేర్చేశానక్కా. పొద్దున్నే రెండు గుడ్డలేసి వడగట్టాను. అంత పెద్దోళ్ల ముందు మన ఎర్రనీళ్లు ఎలా పెడతామండి?"

ఆమెను ఏమని కోప్పడను? పుట్టిన దగ్గర్నుంచీ చుట్టం వస్తే వడపోత గుడ్డ దాచాలనే కదా నేర్చుకుంది! ఇంట్లో ఉన్నవాటిలో మంచి నీళ్లు తెచ్చింది. ఇంట్లో ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని తెచ్చింది. ఆ మాట పిల్లకు కూడా వినపడింది. అది ముఖం గోడ మీది సముద్రం బొమ్మ వైపు తిప్పుకుంది. ఏడిస్తే తల్లికి సంగతి తెలిసిపోతుంది, ఏడవకపోతే చూపించడానికి ఏమీ లేదు.

న్యాయనిర్ణేతలు వచ్చేశారు. ఒకాయన పెద్ద వయసు లెక్చరరు, ఆయన పక్కన ఒక ఆఫీసరు మేడం. నీళ్లు ఎర్రబడతాయని బొమ్మ పక్కన అంటించిన చార్టులో రాసి ఉంది. వాళ్లు చార్టు చూసి, జాడీ చూసి, పిల్లను చూశారు. మా హెడ్మాస్టారు ముందుకొచ్చి, క్షమించాలండి, క్యాను మారిపోయినట్టుంది, పేట నుంచి వచ్చే అమ్మాయి కదండీ అని నవ్వబోయారు. నేను నోరు తెరిచేలోపు పిల్ల అందుకుంది.

"క్యాను మారలేదండి. మా బోరు నీళ్లేనండి. కానీ ఇవింక ఎర్రబడవండి" అంది. గొంతు సన్నగా మొదలై, పోనుపోనూ గట్టిపడింది. "మా అమ్మ రాత్రే వీటికి గాలి తగిలించి, తుప్పంతా వడగట్టేసిందండి. ఇనుము అయిపోయాక మిగిలిన నీళ్లండి ఇవి. సముద్రం ఇలా అవ్వడానికి కోట్ల ఏళ్లు పట్టిందండి. మా అమ్మకి ఒక రాత్రి పట్టిందండి. లాక్కునే ఇనుము లేదు కాబట్టి ఇప్పుడు ఆక్సిజన్ ఇందులో నిలుస్తాదండి. చేపపిల్లని వేస్తే బతుకుద్దండి. బోర్లోంచి వచ్చిన నీళ్లలో అప్పటికప్పుడు వేస్తే బతకదండి."

లెక్చరరు గారు కళ్లజోడు సవరించుకున్నారు. బాగుందమ్మా, మరి ఆ ఎరుపు ఎక్కడుందో చూపించాలి కదా అన్నారు. ఆయన వెటకారంగా అనలేదు. నిజంగానే అడిగారు.

పిల్ల బల్ల వెనక నుంచి ముందుకు వచ్చింది. వెలుతురు బాగా పడే చోట నిలబడి, చున్నీ రెండు చేతులతో విప్పి పట్టుకుంది. ఆ హాల్లో అన్ని తెల్లబట్టల మధ్య ఆ రంగు ఎంత స్పష్టంగా ఉందో నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది.

"ఇక్కడుందండి" అంది.

ఆఫీసరు మేడం మెత్తగా, మంచి సబ్బుతో ఉతికితే పోదా అమ్మా అని అడిగింది. నేను పళ్లు కొరుక్కున్నాను. ఆ ప్రశ్న నేను పుట్టిన దగ్గర్నుంచీ వింటున్నాను. ఎప్పుడూ దానికి సరైన జవాబు చెప్పలేకపోయాను, ముందు కోపం వచ్చేసేది.

"మేం ఉతకడం ఎప్పుడూ మానలేదండి" అంది పిల్ల. "ఇది మురికి కాదండి. ఇనుముకి గాలి తగిలిన రంగండి. ఈ నీళ్లు మీ ఇంటికొస్తే మీ బట్టలు కూడా ఇలాగే ఉంటాయండి."

ఆ మేడం చున్నీ అంచు చేతిలోకి తీసుకుని చూసింది. ఏదో రాసుకుంది. వాళ్లు పక్క బల్లకు వెళ్లిపోయారు. తల్లికి అప్పటికి సంగతి అర్థమైంది. క్యాను వైపూ కూతురి వైపూ మార్చి మార్చి చూస్తూ నిలబడింది. పిల్ల వెళ్లి ఆమె పక్కన నిలబడి, ఏం కాలేదమ్మా అంది.

మొదటి బహుమతి ఒక అగ్నిపర్వతానికి వచ్చింది. ఆ సంగతి ఇప్పుడు తలచుకున్నా నాకు మంటే. మా పిల్లకు పాల్గొన్నట్టు ఒక సర్టిఫికెట్ ఇచ్చారు. చివర్లో బడులవారీగా ఫొటోకు పిలిచారు. మా బడి పిల్లలు అరుగు మీదికి ఎక్కుతుంటే, హెడ్మాస్టారు అలవాటు ప్రకారం చెయ్యి ఎత్తి ఎవరు ఎక్కడ నిలబడాలో చూపించబోయారు. మా పిల్ల ఆ చేతిని చూడనేలేదు. నేరుగా వెళ్లి ముందు వరస మధ్యలో నిలబడి, చున్నీ సరిగ్గా పరుచుకుంది. ఆయన నా వైపు చూశారు. నేను కూడా ఆయన వైపే చూస్తున్నాను. ఆయన చెయ్యి దించి, కండువా సర్దుకుని, పిల్లల చివర్న వెళ్లి నిలబడ్డారు. ఆ ఫొటో ఇప్పుడు మా ఇంట్లో నా పదో తరగతి ఫొటో పక్కన ఉంది.

పైపు ఇంకా కాలువ దాటలేదు. దాని కోసం నేను అర్జీలు పెడుతూనే ఉన్నాను, పెడతాను. ఎర్ర రంగు గొప్పదని చెప్పి మంచినీళ్లు ఎగ్గొడదామని ఎవరైనా అనుకుంటే, వాళ్ల ఇంటికి నేనే ఓ క్యాను పంపిస్తాను, వడగట్టకుండా.

ఆ తరవాత వచ్చిన సంస్కారపు ఆదివారానికి ముందు రోజు, కాలువ నిండా నీళ్లున్నాయి. ఆడవాళ్లందరూ తెల్లచీరలు చంకన పెట్టుకుని గట్టుకు వెళుతున్నారు. ఆ పిల్ల తల్లి మాత్రం తన చీర తీసుకొచ్చి బోరు దగ్గర కూర్చుంది. అందరూ చూస్తుండగా సబ్బు పెట్టి, బోరు నీళ్లు కొట్టుకుని, తీరిగ్గా ఉతికింది. వీధివైపు దండెం మీద ఆరేసింది. దాని పక్కనే వడపోత గుడ్డ కూడా ఆరేసింది. నేను దారిలో ఆగాను. ఆమే చీర అంచు దులుపుతూ అంది.

"పిల్ల చెప్పింది కదక్కా, ఇది మురికి కాదంట."

మర్నాడు ఆ చీరే కట్టుకుని, ముందు వరసలో నిలబడి పాట ఎత్తుకుంది. చర్చిలో ఎవరి కళ్లు ఎక్కడున్నాయో నేను చూడలేదు. ఇంటికి రాగానే నా తెల్లచీర విప్పి, బోరు దగ్గరకు తీసుకెళ్లి బకెట్లో ముంచాను.